పెరుగులో పురుగు

కమలాబాయి పెరుగు గిన్నె బోర్లించినా కింద పడదు. ఈ సంగతి ఇంకొకరు చెప్పాల్సిన పనిలేదు. అడిగినా అడగకపోయినా ఆమే చెబుతుంది. పెన్‌పహాడ్ దగ్గరి తండాలో పొద్దున ఏడు గంటల ఆటో ఎక్కి, ఒళ్లో ఒక గిన్నె, కాళ్ల మధ్య ఒక గిన్నె పెట్టుకుని, సూర్యాపేట చేరేదాకా "మెల్లగ పోనియ్ రా, పెరుగు కదుల్తది" అని డ్రైవర్ యాదగిరి ప్రాణం తీస్తుంది. బోర్లించినా పడని పెరుగు గుంతలకు ఎట్ల కదుల్తదని యాదగిరి ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి అడిగాడు. ఆ తర్వాత నెల రోజులు అతను పెరుగు గురించే కాదు, దేని గురించీ ఆమెను అడగలేదు.

సూర్యాపేట బస్టాండు వెనక జగదీష్ మెస్ ఉంది. కమలాబాయి పెరుగంతా అక్కడికే పోతుంది. పోయి గిన్నె ఇచ్చి ఊరుకుంటుందా? పది మంది ప్లేట్ల ముందు కూర్చున్న సమయం చూసుకుని, జగదీష్ బట్టతల మీద గిన్నెను తలకిందులు చేసి పట్టుకుంటుంది. "సూడుండ్రి, ఒక్క సుక్క పడ్డదా? పడితె ఆనాడే పెరుగమ్ముడు బంద్." జగదీష్ కళ్లు మూసుకుని, చేతులు కట్టుకుని, గుళ్లో తీర్థం కోసం నిలబడ్డ భక్తుడిలా ఉంటాడు. పదకొండేళ్లుగా ఆ తల తడవలేదు.

ఇంత గట్టి పెరుగు ఎట్లా వస్తుందంటే దాని వెనక ఒక తోడు ఉంది. కమలాబాయి అత్త రంగి పెళ్లయి వచ్చిన నాడు తన తల్లిగారింటి నుంచి తెచ్చుకున్న తోడు అది. నిన్నటి పెరుగు ఇవాళ్టి పాలకు తోడు, ఇవాళ్టిది రేపటికి. అట్లా యాభై ఏళ్లకు పైగా ఒక్క రోజు తెగకుండా నడిచింది. రంగి పోయాక అది పెద్దకోడలు కమలాబాయి చేతికి వచ్చింది. వంటింటి మూలన ఒక చిన్న మట్టి గురిగిలో దాని కాపురం. దీపం పెట్టాక తోడు ఎవరికీ ఇవ్వకూడదని అందరిళ్లలోనూ ఉన్న ఆచారమే. కమలాబాయి ఆ ఆచారాన్ని కొంచెం పెంచి, పగలు కూడా ఇవ్వకూడదని ఖరారు చేసుకుంది. ఎంగిలి చేత్తో కాకిని తోలని మనుషులుంటారు. కమలాబాయి కాకిని తోలుతుంది, కుక్కకు అన్నం పెడుతుంది, పక్కింటి పిల్లలకు బూరెలు చేసి పెడుతుంది. తోడు మాత్రం అడగొద్దు. అడిగితే చెంచాడు పెరుగుకు బదులు కుండెడు మాటలు దొరుకుతాయి.

రంగి చనిపోయినప్పుడు ఇద్దరు కోడళ్లూ అన్నీ పంచుకున్నారు. పొలం చెరిసగం. బర్రెలు చెరో రెండు. బిందెలు, చెంబులు, ఆఖరికి గోనెసంచులు కూడా లెక్కపెట్టి పంచుకున్నారు. ఎంత పంచినా తగ్గనిది ఆ ఇంట్లో ఒక్కటే ఉండేది, ఆ తోడు. అదొక్కటే పంచుకోలేదు. చిన్నకోడలు జమ్లీ "అక్కా, జరంత తోడియ్యి" అని చెయ్యి చాపింది. "మీ ఇంటికి పోంగనే పల్సబడ్తది, నీ చెయ్యి మంచిగలేదు" అన్నది కమలాబాయి. తండాలో యారాలంటారు, పుస్తకాల తెలుగులో తోడికోడలంటారు. పేరులోనే తోడు పెట్టుకున్న మనిషికి చెంచాడు తోడు దొరకలేదు.

అంతటితో పోతే బాగుండేది. రంగి తోడు తీసి పెట్టే స్టీలు డబ్బా ఒకటుండేది. సూర్యాపేట సంతలో కొని, మూత మీద 'రంగి' అని చుక్కల అక్షరాలతో పేరు కొట్టించుకుంది. పంపకాలు అయిన మర్నాడు అది కనబడలేదు. కమలాబాయి తండా నడిమధ్య నిలబడి, కొంగు నడుముకు బిగించి, జమ్లీని దొంగ అన్నది. ఒకసారి కాదు, గొంతు పోయేదాకా. జమ్లీ తన ఇద్దరు పిల్లల తలల మీద చేతులు పెట్టి ఒట్టేసింది. ఒట్టుకంటే గొంతు పెద్దది కదా, తండా గొంతునే నమ్మింది. ఆ వారంలోనే జమ్లీ, ఆమె మొగుడు బర్రెలు అమ్ముకుని, మిర్యాలగూడలో రైస్‌మిల్లు పనికి వెళ్లిపోయారు. మళ్లీ ఒక పెళ్లికి రాలేదు, ఒక పండుగకు రాలేదు.

మూడేళ్ల తర్వాత పైకప్పు రేకులు మారుస్తుంటే అటక మీద గోనెసంచుల వెనక ఆ డబ్బా దొరికింది. జమ్లీ కంట పడకూడదని కమలాబాయే అక్కడ దాచింది, చావింటి ఏడుపుల్లో తనే మరిచిపోయింది. డబ్బా దొరికిన రోజు ఆమె అటూ ఇటూ చూసి, కొంగుతో తుడిచి, మళ్లీ అక్కడే పెట్టింది. ఇది జరిగి ఎనిమిదేళ్లయింది. గిన్నె బోర్లించి చూపించడానికి పదిమందిని పిలిచే మనిషి ఈ ఒక్క ముచ్చట మాత్రం ఎవరికీ చూపించలేదు.

ఇక సూది సంగతి. కమలాబాయికి దేవుళ్లంటే భక్తి, సూది అంటే అంతకంటే ఎక్కువ. గోలీ అంటే ఆమెకు లెక్కలేదు. "గోలి మింగితె ఏమైతది? పొద్దుగాల బయటికి పోతది. సూది అట్ల గాదు, లోపల్నే ఉంటది" అంటుంది. ఆమె భక్తికి తగ్గ పూజారి ఫూల్‌సింగ్. ఇతను మిర్యాలగూడలో ఒక మందుల దుకాణంలో మూడేళ్లు అట్టపెట్టెలు మోసి, నాలుగో ఏట డాక్టరై తండాకు తిరిగొచ్చాడు. ఒకటే సంచి. మనుషులకు సన్న సూది, బర్రెలకు లావు సూది. మందు మాత్రం సంచిలో ఏది చేతికి తగిలితే అది. జలుబుకు పొడుస్తాడు, నడుం నొప్పికి పొడుస్తాడు, పరీక్ష తప్పిన పిల్లగాడికి 'హుషారు' కోసం పొడిచాడని కూడా చెప్పుకుంటారు. పెన్‌పహాడ్ పశువుల దవాఖానలో గీత అని అసలు డాక్టరమ్మ ఉంది. కోదాడ మనిషి. రోజూ బస్సులో వచ్చిపోతుంది. కానీ ఆమె దగ్గరికి పోతే ముందు పాలు పరీక్ష చేయాలంటుంది, సూది వేస్తే ఇన్ని రోజులు పాలు వాడొద్దంటుంది. "సూదికంటె సుద్దులెక్కువ" అని కమలాబాయి ఆమెను ఎప్పుడో కొట్టిపారేసింది.

మొన్న వానలు పడ్డాక పెద్దబర్రెకు పొదుగు వాచింది. ఫూల్‌సింగ్ వచ్చాడు. పసుపుపచ్చ మందు సీసా తీశాడు.

"అక్కా, ఒకటిచ్చినమంటె రెండు రోజులల్ల దిగుతది."

"రెండియ్యి, ఒక్క రోజుల దిగుతది" అన్నది కమలాబాయి. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు, తాను పొడిపించిన బర్రెకు రెండే సూదులు. ఫూల్‌సింగ్ ఎప్పుడైనా వద్దన్నాడా? రెండు పొడిచాడు. పాలు ఏం చేయాలని ఆమె అడగలేదు, అతను చెప్పలేదు. అతనికి తెలిస్తే గదా చెప్పడానికి!

పొదుగు నిజంగానే దిగింది. ఆ సాయంత్రం రెండు బర్రెల పాలు ఎప్పటిలా కలిపి కాచి, గోరువెచ్చగా ఆరాక తోడేసి, మూతపెట్టి పడుకుంది. పొద్దున మూత తీసింది. పాలు. నిన్న పోసినవి పోసినట్టే, తొరక కట్టి, అమాయకంగా ఆమె మొహంలోకి చూస్తున్నాయి. వేలు పెట్టి చూసింది. నాలుక మీద వేసుకుంది. పుల్లదనం మచ్చుకైనా లేదు. యాభై ఏళ్లలో మొదటిసారి ఆ ఇంట్లో పాలు తోడుకోలేదు.

ఆ రోజు ఆటో ఎక్కలేదు. గేటు దగ్గర యాదగిరి రెండుసార్లు హారన్ కొట్టి, తన చెవులను తానే నమ్మలేక వెళ్లిపోయాడు. కమలాబాయి ఎండుమిరపకాయలు, ఉప్పు తిప్పి పొయ్యిలో పోసింది. రెండు బర్రెల మెడల్లో నల్లతాళ్లు కట్టింది. నిన్న పాలు పిండేటప్పుడు గోడ మీది నుంచి చూసింది ఎవరా అని ఆలోచించి, చూసిన వాళ్లనూ చూడని వాళ్లనూ వరసగా తిట్టింది. అయినా నిమ్మళం లేక ఫూల్‌సింగ్‌ను పిలిచింది.

ఫూల్‌సింగ్ పాల గిన్నెలోకి గంభీరంగా చూశాడు. "వేడి చేసింది" అన్నాడు. బర్రెకా, పాలకా, గిన్నెకా అన్నది చెప్పలేదు. "బోడిబర్రెకు గూడ ఒకటి పొడుస్త. ముందుజాగ్రత్త." పొడిచాడు. వెళ్తూ వెళ్తూ "నీకు గూడ పరేషాన్ అయినట్టుంది" అని ఆమెకూ ఒకటి పొడిచాడు. అప్పటిదాకా ఆ రెండో బర్రె పాలైనా శుభ్రంగా ఉన్నాయి. విడిగా తోడేస్తే పేరుకునేవే. ఆ దారి కూడా ఆ సూదితో మూసుకుపోయింది.

రెండో రోజు గురిగిలో మిగిలిన తోడులో సగం పోసింది. పొద్దునకు ఏదో అయింది గానీ అది పెరుగూ కాదు పాలూ కాదు. అయినా పరువు ఊరుకోనిస్తుందా? గిన్నె పట్టుకుని సూర్యాపేట పోయింది. మెస్‌లో ఆమె అలవాటుకొద్దీ గిన్నె ఎత్తింది. జగదీష్ అలవాటుకొద్దీ కళ్లు మూసుకున్నాడు. మెడ మీద ఒక చుక్క పడేసరికి ఎగిరి పక్కకు దూకాడు.

"వద్దు తల్లీ! పొద్దుగాల్నే తానం జేసిన."

తినేవాళ్లు నవ్వారు. జగదీష్ గిన్నెలోకి చూసి, గొంతు తగ్గించి, "కమలాబాయ్, పాలపొడి గిట్ల కలుపుతున్నవా?" అన్నాడు. కొట్టినా ఆమెకు అంత నొప్పి పుట్టేది కాదు. తిట్టడానికి నోరు తెరిచింది, మాట రాలేదు. అది చూసి జగదీష్‌కే భయమేసింది. అయినా మధ్యాహ్నానికి ప్యాకెట్ పెరుగు తెప్పించాడు. వ్యాపారం వ్యాపారమే కదా.

మూడో రోజు గురిగి గీకి ఉన్నదంతా పోసింది. అదీ పోయింది. ఇప్పుడామెకు జగదీష్ పోయాడన్న బాధ కంటే పెద్ద భయం పట్టుకుంది. గురిగి ఖాళీ అయింది. రంగి తోడు తన చేతుల్లో తెగిపోయింది. అత్త చచ్చిన నాడు కూడా ఆమె ఇంత ఏడవలేదు. ఆ నాడు పంపకాల లెక్క ఉండె గదా, తీరిక దొరకలేదు.

వేరే దారిలేక పెన్‌పహాడ్ దవాఖానకు పోయింది. లోపల గీత ఒక మేకకు మందు తాగిస్తోంది. మేక యజమాని, కమలాబాయి తండాకే చెందిన యాదమ్మ, దాని చెవులు పట్టుకుని కూర్చుంది. కమలాబాయి సంగతంతా చెప్పి, దిష్టి తగిలిందని తేల్చేసింది.

"సూది ఎవరు వేశారమ్మా?" అంది గీత.

"సూదికేం సంబంధం? నేను పాల ముచ్చట చెప్తున్న."

"నేనూ పాల ముచ్చటే అడుగుతున్నా. ఏ మందు వేశారు, ఎన్ని వేశారు?"

కమలాబాయి చెప్పింది. గీత తలపట్టుకుంది. "చూడమ్మా, పాలు పెరుగు కావాలంటే అందులో బాక్టీరియా ఉండాలి. కంటికి కనబడని సన్న పురుగులు అనుకోండి. మీ తోడంటే అవే. మీ పెరుగులో ఉన్నవన్నీ ఆ పురుగులే."

కమలాబాయి లేచి నిలబడింది. "ఏందీ? నా పెరుగుల పురుగులా? డాక్టరమ్మవని ఊకుంటున్న గని, ఇంకొకరైతె కొప్పు పట్టుకుందు. పదకొండేండ్లు సూర్యాపేటకు పెరుగు తినిపిస్తున్న, ఒక్క వెంట్రుక రాలే!"

"పురుగంటే ఆ పురుగు కాదమ్మా! మంచి పురుగు."

"పురుగుల మంచియి యాడుంటయి?"

గీతకు నవ్వూ విసుగూ కలిసి వచ్చాయి. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. వాన పడ్డాక మట్టి వాసన వస్తుందే, ఆ వాసన ఇష్టమేనా అని అడిగింది. కమలాబాయి ఇష్టమే అన్నది. ఆ వాసన మట్టిలో ఉండే ఒక జాతి బాక్టీరియాది. పిడికెడు మట్టిలో అవి కోట్లకు కోట్లు. తిండి కొంచెం, తినే నోళ్లు బోలెడు. అందుకని ఆ జాతిలో కొన్ని తమ చుట్టూ ఒక మందు చిమ్ముకుంటాయి. పక్కన ఇంకో జాతిది పెరగకుండా, దగ్గరికి వస్తే చచ్చేట్టు. మనుషులు ఆ సంగతి కనిపెట్టి, వాటిని పెద్ద పెద్ద ట్యాంకుల్లో పెంచి, అవి చిమ్మిన మందును సీసాల్లో నింపారు. ఫూల్‌సింగ్ సంచిలో ఉన్న పసుపుపచ్చ మందు అదే.

"ఆ మందు పొదుగులో చెడ్డవాటిని చంపింది. మంచిదే. అక్కడితో ఆగదు కదా, పాలలోకి దిగింది. మీరు ఆ పాలలో తోడేశారు. మట్టిలో పురుగు చేసిన మందు మీ కుండలో పురుగును చంపింది. మూడు రోజులు మీ చేత్తోనే పోసి చంపించారు."

కమలాబాయి మళ్లీ కూర్చుంది. గీత కొంచెం మెత్తబడింది. "మీ తోడులోవి కూడా తక్కువవి కావమ్మా. అవీ పులుపు చేస్తాయి, ఇంకేవో సన్న మందులు చేస్తాయి, కుళ్లబెట్టేవాటిని రానివ్వవు. లేకపోతే యాభై ఏళ్లు ఎట్లా బతుకుతాయి? తమ కాపలా తామే కాసుకున్నాయి. కానీ సూదిలో ఉన్నంత మందు ముందు అవెంత?"

"అంటె" అన్నది కమలాబాయి మెల్లగా, "ఆ మట్టిల పురుగు పక్కదాన్ని ఇంట్లకు రానియ్యది. అంతేనా? ఉన్నదంత నాకే అంటది."

"అచ్చం అంతే."

"గది యారాండ్ల పంచాయితే గదా!"

గీత పకపకా నవ్వింది. కమలాబాయి నవ్వలేదు. ఆ మట్టిలో పురుగు ఆమెకు బాగా తెలిసిన మనిషిలా తోచింది.

పొడిచిన సూదుల లెక్క ప్రకారం పది రోజులు పాలు పారబోయాలనీ, మీరు కూడా తాగొద్దనీ గీత చెప్పింది. తర్వాత కొట్లో పెరుగు తెచ్చి తోడేసుకోమంది. కొట్లో పెరుగా అని కమలాబాయి చూసిన చూపుకు మేక కూడా తలదించుకుంది. రంగి తోడే కావాలన్నది.

"అయితే ఎవరికైనా ఇచ్చి ఉంటారుగా? వాళ్లింట్లో బతికే ఉంటుంది. వెళ్లి చెంచాడు తెచ్చుకోండి, మళ్లీ అదే."

దవాఖాన గోడ మీద బల్లి కూడా ఆ జవాబు కోసం ఆగినట్టయింది. యాభై ఏళ్ల తోడు. అడిగిన వాళ్లు వందమంది. ఇచ్చింది సున్నా.

ఆమె తండా చేరకముందే యాదమ్మ నోటి నుంచి ముచ్చట చేరింది. పెరుగుకూ పురుగుకూ మధ్య ఉన్నది ఒక్క ఎత్వం, ఒక్క కొమ్ము. ఆ రెండింటినీ దాటడానికి తండాకు ఎంతసేపు పడుతుంది? "కమలాబాయి పెరుగుల పురుగులున్నయట, డాక్టరమ్మనే చెప్పిందట." మర్నాటికి అవి తెల్లగా, వేలెడు పొడుగున్నాయి. సూర్యాపేట చేరేసరికి జగదీష్ మెస్‌లో ఎవరో ఒకాయన తాను కళ్లారా చూశానన్నాడు. జగదీష్ తన తల మీద చేత్తో తడుముకుని చూసుకున్నాడు.

దవాఖాన నుంచి వచ్చిన రాత్రంతా కమలాబాయి సేవాలాల్‌కు, మేరామ యాడికి మొక్కింది. ఏమని? జమ్లీ దొంగ అయి ఉండాలని! డబ్బా దొంగిలించలేదని తనకు తెలుసు. తెలిసి ఎనిమిదేళ్లయింది. డబ్బా కాకపోతేనేం, పోయేటప్పుడు ఒక్క చెంచాడు తోడైనా ఎత్తుకుపోయి ఉండదా? ఇన్నేళ్లు లేని దొంగతనాన్ని అంటగట్టిన మనిషి, ఒక్క నిజమైన దొంగతనం జరిగి ఉండాలని దేవుళ్ల కాళ్లు పట్టుకుంది. ఆ దేవుళ్లు ఏమనుకున్నారో ఏమో.

పొద్దున సూర్యాపేటలో మిర్యాలగూడ బస్సెక్కింది. రైస్‌మిల్లుల వెనక, ఊక దుమ్ము కప్పుకున్న వీధిలో జమ్లీ ఇల్లు దొరికింది. జమ్లీ గుమ్మంలో నిలబడి ఒక నిమిషం చూసింది. ఆ తర్వాత లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చింది. ఇద్దరూ లంబాడీలోనే మాట్లాడుకున్నారు. తెలుగులో చెప్పుకుంటే అది ఇట్లా ఉంటుంది.

"ఇటు దిక్కు పనుండి వచ్చిన" అన్నది కమలాబాయి. "మోకాళ్లు సూపిచ్చుకుందామని. ఈడ మంచి డాక్టరున్నడట."

"ఉన్నడు" అన్నది జమ్లీ.

"పిల్లలు మంచిగున్నరా?"

"ఉన్నరు."

"ఊక దుమ్ము బాగుంది మీకు."

"ఉంటది."

చల్లకొచ్చి ముంత దాచడమంటే ఇదే. గంటసేపు మోకాళ్లు, వానలు, వడ్ల ధర అన్నీ అయిపోయాయి. జమ్లీ ఏమీ అడగకుండా అన్నం పెట్టింది. పప్పు వేసింది. ఆఖరున పెరుగు గిన్నె తెచ్చి, కమలాబాయి ముందు నిలబడి, నెమ్మదిగా బోర్లించింది. చుక్క పడలేదు.

కమలాబాయి ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. చివర్లో వచ్చే ఆ సన్నని తీపి, ఆ తర్వాత వచ్చే పులుపు. రంగి చేతి పెరుగు. కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఎత్తుకపోయినవా? ఎత్తుకపోయినవు గదా? నా తల్లీ, మంచి పని జేసినవ్!" అన్నది.

జమ్లీ మొహం గట్టిపడింది. "నేను దొంగను గాదు. అత్తమ్మ బతికున్నప్పుడే ఇచ్చింది. మా అమ్మోళ్లింట్ల పెట్టిన. పెద్దదానికి చెప్పకు, లొల్లి చేస్తది అన్నది."

"మరి ఉండంగ నన్నెందుకడిగినవ్?"

"సాటుగ ఇచ్చింది సాటుగనే ఉంటది. ఇంటికి పెద్దదానివి. నీ చేత్తోని ఇస్తె అది నాది అయితదనుకున్న. అందుకే చెయ్యి సాపిన. నువ్వు దొంగ అన్నవ్."

బయట మిల్లు గరగరమంటోంది. కమలాబాయి ఇక మోకాళ్ల సంగతి ఎత్తలేదు. బర్రె, సూది, ఖాళీ గురిగి, అన్నీ చెప్పి, "జరంత తోడియ్యి జమ్లీ" అని చెయ్యి చాపింది. పదకొండేళ్ల కింద జమ్లీ చాపినట్టే.

"డబ్బా దొరికిందా?" అన్నది జమ్లీ.

"ఏం డబ్బా?"

"నేను దొంగతనం జేసిన డబ్బా."

మొన్న దొరికింది అందామని కమలాబాయి నోరు తెరిచింది. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. నాలుక మీద రంగి పెరుగు రుచి ఇంకా ఉంది. "దొరికింది. అటక మీద. నేనే దాచిన. ఎనిమిదేండ్లయింది" అన్నది.

జమ్లీ ఏడవలేదు, అరవలేదు. కంచం తీసి, నేల తుడిచి, చేతులు కడుక్కుని వచ్చింది. "నా పిల్లలు బడికి పోతే దొంగదాని పిల్లలన్నరు. ఇక్కడ మిల్లుల మన తండోళ్లు పని జేస్తరు. వాళ్లు సద్ది తింటుంటె నేను పక్కకు పోయి కూసుంట. తోడు ఇస్త అక్కా, ఎందుకియ్య? కాని ఆ డబ్బాలనే పోసిస్త. పోయి పట్టుకరా. సంచిల పెట్టుకొని రాకు. కొంగు గూడ కప్పకు. చేతుల పట్టుకొని రా."

మర్నాడు పొద్దున ఏడు గంటలకు కమలాబాయి ఇంట్లోంచి బయటికి వచ్చింది. ఒళ్లో పెరుగు గిన్నెలు లేవు. చేతిలో చింతపండు వేసి తోమిన చిన్న స్టీలు డబ్బా. మూత మీద చుక్కల అక్షరాలు ఎండలో ఎంత దూరానికైనా కనబడుతున్నాయి. నేనే ఎందుకు ఇంత తళతళా తోమానా అని తనను తానే తిట్టుకుంది. దారిలో ఫూల్‌సింగ్ ఎదురొచ్చాడు.

"అక్కా, మొహం వాడిపోయింది. ఒక సూది ఇయ్యాల్నా?"

"నీ సంచి ఎత్తుకపోయి ఆ డాక్టరమ్మకు సూపియ్యి. మందు పేర్లు సదివి పెడ్తది" అన్నది కమలాబాయి ఆగకుండా. తిట్టు కూడా కలపలేదు. అది చూసి ఫూల్‌సింగ్ నిజంగానే జబ్బు చేసిందనుకున్నాడు.

ఆటోలో అప్పటికే తొమ్మిది మంది ఉన్నారు. వెనక సీట్లో యాదమ్మ మేకతో సహా కూర్చుంది. కమలాబాయి ఎక్కి, డబ్బాను రెండు చేతులతో మోకాళ్ల మీద పెట్టుకుంది. కొంగు జారి దాని మీద పడితే, తీసి భుజాన వేసుకుంది. ముందు అందరూ డబ్బాను చూశారు. తర్వాత ఆమెను చూశారు. తర్వాత మళ్లీ డబ్బాను చూశారు. పురుగుల ముచ్చట ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

"గిది రంగి డబ్బా గాదె?" అన్నది యాదమ్మ. "జమ్లీ ఎత్తుకపోయిందంటివి గదా. యాడ దొరికింది?"

యాదగిరి ఆటో స్టార్ట్ చేయబోయి ఆగాడు.

"దొంగింట్ల దొరికింది" అన్నది కమలాబాయి.

"ఎవరింట్ల?"

"మా ఇంట్ల."

మేక ఒక్కసారి అరిచింది. యాదగిరి అద్దంలోంచి ఆమె మొహం చూసి, ఎందుకైనా మంచిదని బండిని మెల్లగా పోనిచ్చాడు. మొదటి గుంత వచ్చేసరికి అలవాటుకొద్దీ బ్రేక్ వేశాడు.

"జోరుగ పోనియ్ రా" అన్నది కమలాబాయి. "డబ్బా ఖాళీగనే ఉంది."